ఆయాసం బొమ్మలు

లాండ్రీలో ఆవిరి యంత్రం మధ్యాహ్నానికల్లా మొరాయించింది. ఇస్త్రీ కాని చొక్కాల గుట్ట మీద దుప్పటి కప్పి, యజమాని అందర్నీ ఇళ్ళకు పొమ్మన్నాడు. అక్కడ ఇస్త్రీ చేసే ఆమెకు చేతిలో పని లేకపోతే కాలు ఒకచోట నిలవదు. ఖాళీగా ఉంటే బుర్రలోకి అక్కర్లేనివన్నీ వచ్చి కూర్చుంటాయి. ఇంటికి పోయి అత్తగారి సణుగుడు వినే బదులు, దారిలోనే కదా అని కూతురి బడి వైపు తిరిగింది.

కూతుర్ని ఇంటిల్లిపాదీ పిట్ట అంటారు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని తండ్రి పెట్టిన పేరు, ఎనిమిదేళ్ళొచ్చినా వదల్లేదు. గుండెలో చిల్లు ఉంటే, దానికి మాటలు రాకముందే కోసి పూడ్చారు. ఇప్పుడు మిగిలిందల్లా మెడ కింద నుంచి దిగే సన్నటి గీత ఒకటి, తల్లి నోట్లో ఊతపదమైపోయిన ప్రశ్న ఒకటి: "ఆయాసంగా ఉందా?"

బడి వరండాలో ఎవరూ లేరు. కింది అంతస్తులో మొదటి గది పసిపిల్లలది. కిటికీ పక్కనుంచి నడుస్తూ ఊరికే లోపలికి తొంగి చూసింది. మోకాలెత్తు బల్లలు. బోర్డు మీద ఒక బంతి బొమ్మ, దాని పక్కన ఇంతేసి అక్షరం. ఆ చిన్న తలల మధ్య ఒక పెద్ద తల. బల్ల కింద పట్టని కాళ్ళను పక్కకు మడిచి, ముక్కు కారుతున్న ఒక బుడ్డోడి పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని, వాడి బూటుకు ముడి వేస్తోంది పిట్ట.

ఆమె కిటికీ ఊచ పట్టుకుంది.

"అమ్మా! అప్పుడే వచ్చేశావేం?" పిట్ట చూసింది. "ఉండు, వీడి రెండో బూటు కూడా కట్టేసి వస్తా. వీడికి ఎన్నిసార్లు కట్టినా విప్పేసుకుంటాడు."

"నువ్విక్కడున్నావేమే? మీ క్లాసేది?"

"పైన."

"మరి నువ్వు?"

"నేను కిందే కదమ్మా. మెట్లెక్కకూడదుగా." పిట్ట వాన పడుతోందన్నంత మామూలుగా చెప్పింది.

"ఎప్పట్నుంచి?"

"బడి తెరిచినప్పట్నుంచీ."

"నాకు చెప్పొద్దూ?"

"నువ్వేగా టీచర్‌కి చెప్పింది!" పిట్ట కళ్ళు పెద్దవి చేసింది. తల్లి ముఖం చూసింది. చూడగానే దాని చెయ్యి గుండె మీదకు పోయింది. "అమ్మా, నాకు కొంచెం ఆయాసంగా ఉంది."

ఆమె చదువు ఏడో తరగతిలో ఆగింది. ఆగిన రోజున ఎవరూ దాన్ని ఆపుతున్నామని చెప్పలేదు. తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి ఒక వారం ఇంట్లో ఉండమన్నారు, అంతే. ఆ వారమే ఇంకా నడుస్తోంది. బల్ల పక్కన మడిచిన కూతురి కాళ్ళు చూస్తుంటే ఆమెకు ఆ వారమే గుర్తొచ్చింది.

పెద్ద టీచరు మంచి మనిషే. కుర్చీ చూపించి, ఫ్యాను తిప్పి మరీ చెప్పింది. "అమ్మా, మూడో తరగతి నుంచి అన్నీ పైనే. దీన్ని మెట్లెక్కించొద్దని మీరు నా చేతులు పట్టుకుని చెప్పారు. గుర్తుందా? ఏడ్చారు కూడా."

"ఎక్కించొద్దంటే... కింద కూర్చోబెట్టమని కాదండీ..."

"మరి గదిని కిందికి దింపమంటారా? ఎత్తుకుని తీసుకెళ్ళడానికి నా దగ్గర మనుషుల్లేరు. పోనీలే అని ఎక్కించామనుకోండి, ఏదైనా జరిగిందనుకోండి, రేపు నన్నే అంటారు. మీరే అంటారు."

అంటాననే ఆమెకూ తెలుసు.

"దీనికి చదువొచ్చు. కానీ ఇట్లా ఏడాదంతా బూట్లు కడుతూ కూర్చుంటే పై క్లాసుకి పంపలేను. మీరు ఆస్పత్రిలో గట్టిగా అడిగి రండి. వచ్చే సోమవారం చూద్దాం. ఎక్కొచ్చంటే ఎక్కుతుంది. లేదంటే అన్ని క్లాసులూ కిందే ఉండే బడి ఏదైనా చూసుకోండి. నాకూ భయమేనమ్మా."

ఆ చివరి మాటతో ఆమెకు దెబ్బలాడటానికి కూడా ఏమీ మిగల్లేదు.

*

గుండె డాక్టరు ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాడు. గుండె బాగుంది, ఆడుకోనివ్వండి. ఆ మాట ఆమె ప్రతిసారీ విన్నదే. డాక్టర్లు ధైర్యం కోసం అలా అంటారులే అని ప్రతిసారీ అక్కడే వదిలేసి వచ్చింది. ఈసారి కదల్లేదు.

"బాగుంటే మరి ఆ ఆయాసమేమిటండీ? నాలుగడుగులేస్తే కూర్చుండిపోతుంది. నేను అబద్ధం చెప్తున్నానా?"

డాక్టరు పెన్ను మూత పెట్టి, ఆమె వైపు చూసి, కింది అంతస్తుకు పంపాడు.

కింద గది ఆస్పత్రిలా లేదు. మంచాల వరసలు లేవు. నిలబడ్డచోటే నడిపించే పట్టాలు, ఎక్కడికీ పోని సైకిళ్ళు, గోడకు రంగురంగుల రబ్బరు తాళ్ళు. ఒక మూల నెరిసిన పెద్దాయన చెమటలు కక్కుతూ నడుస్తున్నాడు. ఆయన ఛాతీ మీదా పిట్టకున్నట్టే గీత. అంత వయసు మనిషిని అలా నడిపిస్తున్నారేమిటని ఆమెకు ఒళ్ళు జలదరించింది. ఆయన మాత్రం పిట్టకు కన్ను కొట్టాడు.

గుడ్డ బూట్లు వేసుకున్న ఒక పొడుగాటి ఆవిడ ఎదురొచ్చింది. అందరూ ఆవిణ్ణి వ్యాయామం మేడమ్ అంటున్నారు.

"మీరు డాక్టరాండీ?"

"కాదమ్మా. వాళ్ళు మందు రాస్తారు, నేను పరుగు రాస్తాను. ఎంత వెయ్యాలో, ఎప్పుడు ఆపాలో చూసి మరీ రాస్తాను. ఏం పిట్టా, సైకిలెక్కుతావా?"

"ఎక్కడికి పోతుంది?"

"ఎక్కడికీ పోదు."

"మరెందుకు?"

"నువ్వు ఎంత దూరం పోగలవో నాకు తెలియాలి కదా."

పిట్ట ఛాతీ మీద బిళ్ళలు అంటించి, పక్కనున్న యంత్రం తీగలు తగిలించారు. వేలికి ఒక క్లిప్పు పెట్టారు. మేడమ్ ఒక అట్ట తెచ్చి సైకిలు ముందు నిలబెట్టింది. అట్ట మీద ఒక కొండ, కొండ మీద ఒకే పిల్ల బొమ్మ పలుచోట్ల. కింద నవ్వుతూ నిలబడింది. కొంచెం పైన బుగ్గలు ఎర్రబడ్డాయి. ఇంకా పైన నోరు తెరిచింది. కొండ చివర నాలుక బయటపెట్టి చతికిలబడింది.

"తొక్కుతూ ఉండు. నేను అడిగినప్పుడల్లా నీకెట్లా ఉందో ఆ బొమ్మని చూపించు. సరేనా?"

పిట్ట తొక్కడం మొదలుపెట్టింది. ఆమె పక్కనే స్టూలు మీద కూర్చుంది. ఒళ్ళో చేతులు ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. కూతురి మోకాళ్ళు పైకీ కిందికీ ఆడుతుంటే ఆమె ఊపిరి బిగపట్టింది. మొదటిసారి అడిగినప్పుడు పిట్ట నవ్వే బొమ్మను చూపించింది. రెండోసారి అడిగేసరికి వేలు తిన్నగా కొండ చివరికి పోయింది.

"ఆయాసం," అంది పిట్ట. కాళ్ళు ఆపేసింది.

"చూశారా? నేను చెప్తూనే ఉన్నాను!" ఆమె లేచి కూతుర్ని పట్టుకుంది.

మేడమ్ యంత్రం తెర వైపు చూసింది, పిట్ట వైపు చూసింది. "విచిత్రంగా ఉందే. గుండె ఇంకా ఆవులిస్తోంది. ఊపిరి వేగమే అందుకోలేదు. పిల్లేమో కొండెక్కి కూర్చుంది." పిట్టకు మంచినీళ్ళిచ్చి, కాళ్ళు ఊపుకోమని చెప్పి, ఆమె వైపు తిరిగింది. "అమ్మా, మీరు కాస్త ఆ గుడ్డ తెర వెనక కూర్చుంటారా?"

"ఎందుకండీ? నేను లేకపోతే అది భయపడుతుంది."

"ఒక్కసారి చూద్దాం. నేను దీని పక్కనే ఉంటా. గుండె డాక్టరు పైనే ఉన్నారు. ఏ కాస్త తేడా వచ్చినా నేనే ఆపేస్తా."

తెర వెనక ఒక మంచం, గోడ. ఆమె మంచం అంచున కూర్చుంది. సైకిలు మళ్ళీ గిర్రుమంది. మేడమ్ ఏదో అడిగింది, పిట్ట ఏదో అంది. ఇద్దరూ నవ్వారు. సైకిలు చప్పుడు ఆగలేదు. ఇంకా ఆగలేదు. దాని కింద ఇంకో చప్పుడు మొదలైంది. మొదట సన్నగా, ఆ తర్వాత ఎవరో చీర చింపుతున్నట్టు, పిట్ట ఊపిరి.

ఆమె చెవులు మూసుకుంది. వేళ్ళ సందుల్లోంచి కూడా వినిపించింది. హా, హా, హా. ఆ చప్పుడు కోసమే ఇన్నేళ్ళూ చెవులు రిక్కించి బతికింది, అది రాకుండా ప్రాణం అరచేతిలో పెట్టుకుని కాపలా కాసింది. ఇప్పుడు తానే తీసుకొచ్చి, తానే ఒప్పుకుని, తెర వెనక కూర్చుని వింటోంది. లేవకూడదనుకుంది. లేచింది. తెరను ఒక్క లాగు లాగి, తీగలతో సహా కూతుర్ని వాటేసుకుంది.

"చాలండీ! చంపేస్తారా దాన్ని!"

ఏదో యంత్రం కీచుమంది. నడుస్తున్న పెద్దాయన పట్టా ఆపేశాడు. పిట్ట ముఖం కందిపోయి ఉంది, చెమట ముక్కు మీంచి కారుతోంది.

"అమ్మా... అమ్మా... వదులు... నేను... గెలుస్తున్నా..."

వ్యాయామం మేడమ్ కోప్పడలేదు. ఊడిన తీగ తీసి మళ్ళీ తగిలించింది. "మంచిదైంది, ఎలాగూ ఆగాలి. ఇప్పుడు ఇటు చూడండి. ముఖ్యమైనది ఇప్పుడే మొదలవుతుంది."

యంత్రం తెర మీద పచ్చటి గీత ఎగిరెగిరి పడుతోంది. పక్కన గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో చెప్పే అంకె. అంత పెద్ద అంకె ఆమె ఎప్పుడూ చూడలేదు. చూస్తుండగానే అది తగ్గింది. మళ్ళీ తగ్గింది. ఎవరూ ఏ మందూ ఇవ్వలేదు. ఎవరూ దాని వీపు నిమరలేదు. దానంతటదే మెట్టు మెట్టూ దిగొచ్చినట్టు దిగొచ్చింది.

"కాళ్ళు పనిచేస్తే వాటికి గాలి కావాలి. గాలిని మోసేది రక్తం, తోసేది గుండె. పని పెరిగితే గుండె పరిగెత్తాలి. పరిగెత్తకపోతే నాకు భయం. ఆగాక నెమ్మదించాలి. నెమ్మదించకపోతే నాకు భయం. మీ పిల్ల గుండె రెండూ చేస్తోంది."

"మరి ఆ ఆయాసం?"

"సగం కాళ్ళది. వాడక వాడక వాటిలో బలం లేదు. బలం లేని కాళ్ళకి చిన్న మెట్టూ కొండే. ఆయాసమొచ్చిందని మీరు కూర్చోబెడతారు, కూర్చుంటే కాళ్ళు ఇంకా సన్నబడతాయి. ఇట్లాగే పెరిగితే రేపు పెద్దయ్యాక బీపీ అనీ షుగరనీ కొత్తవి తగులుకుంటాయి. బాగుచేసిన గుండె మీద మళ్ళీ బరువు. కదలడమే దానికి మందు."

"మిగతా సగం?"

మేడమ్ కాస్త తటపటాయించింది. గొంతు తగ్గించింది. "మీరు పక్కనున్నప్పుడు రెండోసారి అడిగితే అది కొండ బొమ్మని చూడలేదమ్మా. మీ ముఖం చూసింది. మీ ముఖం ఏ బొమ్మలా ఉంటే ఆ బొమ్మ మీద వేలు పెట్టింది."

పిట్ట తువాలుతో ముఖం తుడుచుకుంటూ ఆ పెద్దాయనతో పందెం కాస్తోంది.

"రోజూ మెట్లెక్కించండి. మాట్లాడుతూ ఎక్కాలి. పాట పాడగలిగితే ఇంకాస్త గట్టిగా ఎక్కొచ్చు. మాట ముక్కలు ముక్కలుగా వస్తే నిలబడాలి, తగ్గాక మళ్ళీ ఎక్కాలి. గుండెలో నొప్పన్నా, కళ్ళు తిరిగినా, పెదాలు నీలంగా మారినా ఆపేసి ఇక్కడికి రండి. అవేవీ లేకుండా ఒట్టి ఆయాసమైతే, ఆగి, చూస్తూ ఉండండి."

"చూస్తూ ఊరుకోవాలా?"

"అదే కష్టం," అంది మేడమ్. "అది మీకు రాసిన వ్యాయామం."

*

వాళ్ళుండేది నాలుగంతస్తుల ఇంట్లో నేల వాటా. పిట్ట కోసమే ఏరికోరి తీసుకున్నది. గుమ్మం పక్కనుంచే మెట్లు పైకి పోతాయి. ఇన్నాళ్ళూ పిట్టకు వాటి మొదటి మెట్టు కూర్చోవడానికి మాత్రమే.

"నడవడం నేర్పడానికి కూడా ఆస్పత్రి కావలసొచ్చిందా!" అత్తగారు గుమ్మంలో కుర్చీ వేసుకుంది. "మా రోజుల్లో పిల్లల్ని ఆపడానికి కర్ర పట్టుకునేవాళ్ళం. ఇప్పుడు కదపడానికి డాక్టరు చీటీ!"

"నువ్వు ఊరుకోమ్మా," అన్నాడు పిట్ట తండ్రి. అతను సామాన్ల వ్యాను నడుపుతాడు. ఇంట్లో ఉన్న కాసేపూ నవ్వించాలని చూస్తాడు. "పిట్టా, డాబా మీద ఏముందో తెలుసా? మొత్తం ఆకాశం. అద్దె కూడా లేదు. ఎవరూ పోరు కాబట్టి ఊరికే పడుంది."

"నిజంగానా?"

"నిజం. పోయి చూసి రా. నచ్చితే కొంటా."

తల్లీకూతుళ్ళు చేతులు పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టారు. ఆమె నవ్వాలని నిర్ణయించుకుంది. పెదాలు చెవులదాకా సాగదీసి, పళ్ళు బిగించి ఎక్కింది. మొదటి మలుపులో పిట్ట ఆగి చూసింది.

"అమ్మా, ఆ నవ్వు వద్దమ్మా. భయమేస్తోంది."

ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. పిట్ట ముందుకొచ్చి మెడ వంచి చూసింది. అటు తిప్పుకుంటే అటు వచ్చింది. ఇంకో నాలుగు మెట్లెక్కి, గోడకు ఆనుకుని, గుండె మీద చెయ్యి వేసుకుంది. "అమ్మా, నాకు చాలా ఆయాసంగా ఉందమ్మా, ఇవాళ్టికి చాలు, మనం కిందికెళ్ళిపోదామా?"

ఆమె వంగి ఎత్తుకోబోయింది. చేతులు చంకల కిందికి పోయాయి కూడా. అప్పుడు ఆ మాట మళ్ళీ చెవిలో తిరిగింది. అంత పొడుగు మాట. ఒక్క చోట కూడా తెగలేదు. ముక్కుపుటాలు అదరడం లేదు, మెడ కింద గుంట ఎగరడం లేదు. పిల్ల అబద్ధం ఆడటం లేదు. దాని కళ్ళలో నిజంగానే భయం ఉంది. ఆ భయం ఎక్కడిదో ఆమె గుర్తుపట్టింది. పొద్దున్నే అద్దంలో జుట్టు దువ్వుకునేటప్పుడు రోజూ కనబడేదే.

కానీ పొరపాటైతే? ఈ ఒక్కసారే నిజమైతే? ఎక్కు అని తాను అన్నాక అది పడిపోతే, ఆ మాట వెనక్కి తీసుకోవడానికి నోరుంటుందా?

ఆమె మెట్టు మీద కూలబడింది. కూతుర్ని ఎత్తుకోలేదు, కానీ ఎక్కమనీ అనలేదు. కాసేపటికి ఇద్దరూ దిగొచ్చేశారు. "ఏం, ఆకాశం అమ్ముడుపోయిందా?" అన్నాడు భర్త. ఆమె సమాధానం చెప్పకుండా వంటింట్లోకి పోయి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

మర్నాడు లాండ్రీలో చొక్కా కాలరు మీద ఇస్త్రీ పెట్టె ఆపేసి నిలబడిపోయింది. కాలరుని ఎప్పుడూ కొనల నుంచి మధ్యకు నొక్కాలి. మధ్య నుంచి మొదలుపెడితే ముడత కొనకు పోయి అక్కడే ఉండిపోతుంది. అది చేతికి తెలుసు. ముఖానికి అలాంటిదేదీ తెలియదు. ముఖాన్ని ఎటు నుంచి నొక్కినా ముడత ఇంకోచోట లేస్తోంది. కాలిన వాసన వచ్చాక గాని తేరుకోలేదు.

ఆ సాయంత్రం మెట్ల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది.

"పిట్టా, విను. నాకు భయం. మెట్లంటే భయం, నువ్వు గట్టిగా ఊపిరి తీస్తే భయం. నా ముఖం ఇట్లాగే ఉంటుంది. నేనేం చెయ్యలేను. కానీ అది నా ముఖం. నీకెట్లా ఉందో అందులో రాసుండదు. నీకెట్లా ఉందో నీ లోపల చూసుకోవాలి."

"లోపల ఎట్లా చూస్తారు?"

"ఏమో. నాకూ రాదు. కళ్ళు మూసుకుని చూడు."

పిట్ట కళ్ళు మూసుకుంది. చాలాసేపు. "ఆకలేస్తోంది," అంది.

"ఆయాసం?"

"లేదు. ఆకలే."

ఆమెకు నవ్వొచ్చింది. ఈసారి సాగదీయకుండానే వచ్చింది. బ్రెడ్డూ గుడ్డూ పెట్టి, ఆ వెంటనే ఎక్కించింది. అది పొరపాటని అప్పుడు తెలియదు.

పిట్ట మాట్లాడుతూ ఎక్కింది. బూటు విప్పేసుకునే బుడ్డోడి గురించి, వాడు సుద్దముక్క తిన్న సంగతి. ఒక మలుపు దాటాక మాటలు పొట్టివయ్యాయి. ఇంకో మలుపులో ముక్కలయ్యాయి. అప్పుడు నిలబడ్డారు. ఆమె పిడికిళ్ళు బిగించి, గోళ్ళు గుచ్చుకుంటుంటే, చూస్తూ ఉంది. చూస్తూ ఉండటం ఇంత బరువైన పనని ఆమెకు తెలియదు. దీనికంటే తడి దుప్పట్లు మొయ్యడం సులువు. ఊపిరి దిగింది. మళ్ళీ ఎక్కారు. చివరి మలుపులో పిట్ట ఒక్కసారిగా వంగిపోయింది.

"అమ్మా! నొప్పి!"

ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. "ఏమండీ!" అని అరిచిన అరుపుకు భవనమంతా తలుపులు తెరుచుకున్నాయి. భర్త ఇంట్లో లేడు. కింది నుంచి మెట్ల కమ్మీ పట్టుకుని, తిట్టుకుంటూ, రొప్పుతూ అత్తగారు ఎక్కి వచ్చింది.

"ఎక్కడే... నొప్పి... ఎక్కడ?"

"ఇక్కడ నాయనమ్మా." పిట్ట పక్కటెముకల కింద, పొట్ట పక్కన చూపించింది.

ముసలావిడ అక్కడే మెట్టు మీద చతికిలబడింది. "ఓసి నీ దుంపతెగ... కడుపునిండా... తిని... ఎక్కారా? పక్కలో... పట్టేసింది. నాకూ పట్టేసేది... పరిగెడితే. వంగి... గట్టిగా నొక్కు. పోతుంది."

పిట్ట వంగి నొక్కుకుంది. ఆమె కూతురి పెదాల వైపే చూస్తోంది. ఎర్రగా ఉన్నాయి. కళ్ళు తిరుగుతున్నాయా అని అడిగింది. లేదంది. గుండెలోనా అని అడిగింది. "కాదమ్మా, ఇక్కడ, ఇక్కడ," అని విసుక్కుంది. కాసేపటికి నిటారుగా నిలబడి, నాయనమ్మ వైపు చూసి, ఫక్కున నవ్వింది.

"అమ్మా, చూడు! నాయనమ్మకి కొండ చివర బొమ్మ వచ్చేసింది!"

"నవ్వుతావేం... నీ కోసమే... చచ్చీచెడీ... ఎక్కాను. ఈ మెట్లు... ఎవడు కట్టాడో వాడి..." ముసలావిడకు మిగతాది అనడానికి ఊపిరి చాలలేదు.

ముగ్గురూ అక్కడే కూర్చున్నారు, ఒకరి ఊపిరి ఒకరు వింటూ. ముందు పిట్టది తగ్గింది. అందరికంటే ముందు దానిదే. తర్వాత పిట్టే లేచి డాబా తలుపు గొళ్ళెం తీసింది.

*

సోమవారం పొద్దున పెద్ద టీచరు ఆస్పత్రి కాగితం చదివి, మడిచి, తిరిగి ఇచ్చేసింది.

"కాగితం బాగుంది. కానీ నా కళ్ళతో నేను చూడాలి. ఎక్కమనండి."

గంట కొట్టే వేళ. మెట్ల మీద పిల్లల తొక్కిసలాట. పెద్ద టీచరు చెయ్యెత్తగానే అందరూ గోడకు అంటుకుని దారిచ్చారు. అన్ని కళ్ళూ పిట్ట మీదే. ఇది ఇంటి దగ్గర మెట్లు కాదు. ఇక్కడ మాట్లాడుతూ ఎక్కడానికి పక్కన ఎవరూ లేరు. ఆమెను కిందే ఉండమన్నారు. వీపున పుస్తకాల సంచి ఉంది. ఇంట్లో సంచితో ఎక్కించి చూడాలని ఆమెకు తోచలేదు. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది.

పిట్ట ఎక్కింది. అందరూ చూస్తున్నారని కాబోలు, గబగబా ఎక్కింది. మధ్యలో మలుపు దగ్గరకొచ్చేసరికి ఆగిపోయింది. కమ్మీ పట్టుకుంది. సంచితో సహా భుజాలు లేస్తున్నాయి, పడుతున్నాయి. హా, హా అన్న చప్పుడు మెట్ల గోడలకు కొట్టుకుని రెండింతలైంది. ముఖం కందగడ్డలా ఉంది. గోడకు ఆనిన ఒక పిల్ల "అమ్మో," అంది.

పెద్ద టీచరు ముఖం పాలిపోయింది. "చాలు చాలు! దింపేయండమ్మా, వెళ్ళి దింపేయండి! దాన్ని చూడండి, ఎట్లా అయిపోయిందో!"

పిట్ట కమ్మీ మీంచి కిందికి చూసింది. అలవాటైన చూపే; కాకపోతే అది వచ్చి ఆగింది పెద్ద టీచరు ముఖం మీద. భయంతో తెరుచుకున్న ఆ నోటిని చూసింది. చూస్తుండగానే దాని కళ్ళు మారాయి. కమ్మీ మీది చెయ్యి నెమ్మదిగా లేచి, గుండె వైపు కదిలింది. మోకాళ్ళు వంగడం మొదలుపెట్టాయి.

ఆమె మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. ఎక్కి ఎత్తుకుంటే అయిపోతుంది. అందరూ సరే అంటారు. ఎవరూ తప్పు పట్టరు. బుడ్డోళ్ళకి బూట్లు కడుతూ, బతికి ఉంటుంది.

కాలు వెనక్కి తీసుకుంది.

"ఆగండి," అంది. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "తగ్గుతుంది."

"ఏం తగ్గుతుందమ్మా, అట్లా ఉంటే..."

"ఆగండి టీచర్. చూస్తూ ఉండండి." తలెత్తింది. "పిట్టా! టీచర్ని కాదు, నన్నూ కాదు. లోపల ఎట్లా ఉందో చూసుకుని చెప్పు."

పిట్ట కళ్ళు మూసుకుంది. మెట్ల మీద అంతమంది పిల్లలూ ఊపిరి బిగపట్టారు; దాని ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది.

"కొట్టుకుంటోంది... గట్టిగా..."

"నొప్పుందా?"

"లేదు... ఉక్క... సంచి బరువు..."

"ఇంకా?"

జవాబు రాలేదు. పెదాలు ఎర్రగానే ఉన్నాయి, ఎర్రగానే ఉన్నాయి అని ఆమె తనలో తాను అనుకుంటోంది. పెద్ద టీచరు ఆమె భుజం పట్టుకుంది. ఆ పట్టు బిగిసింది. ఇంకా బిగిసింది.

పైన హా అన్నది హు అయింది. రెండు ఊపిర్ల మధ్య కాస్త ఖాళీ వచ్చింది. ఆ ఖాళీ పెరిగింది. భుజాలు దిగాయి.

"తగ్గుతోంది," అంది పిట్ట కళ్ళు మూసుకునే. తర్వాత, ఆశ్చర్యంగా, "తగ్గిపోయింది," అంది.

కళ్ళు తెరిచి, ఎవరి వైపూ చూడకుండా సంచి సర్దుకుని, మిగతా మెట్లెక్కి మలుపు తిరిగింది. గోడకు ఆనిన పిల్లలు ఒక్కసారిగా దాని వెనక పడ్డారు. పైన వరండాలో అడుగుల చప్పుడు, ఎవరో బల్ల జరిపిన చప్పుడు.

ఆమె మొదటి మెట్టు మీద కూర్చుండిపోయింది. పళ్ళు టకటకమంటున్నాయి. పెద్ద టీచరు కంగారుగా మంచినీళ్ళ గ్లాసు తెచ్చి పక్కన కూర్చుంది.

"ఏమైందమ్మా? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందండీ." గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. సగం నీళ్ళు ఒళ్ళో ఒలికాయి. "భయం. నాదే. దానిది కాదు."